మెట్ట చేను మీద అనుమానం

పక్క చేను ముసలామె కుంట నీళ్ళు దొంగిలిస్తోందని మొదట అన్నది మా అత్త. శ్రావణ మాసంలో ఒక మధ్యాహ్నం, ఉలవలు చెరుగుతూ, చేటతోనే మాట్లాడుతున్నట్టు తల ఎత్తకుండా అంది.

"వానల్లేక మన మడి ఎండుతాంది. మెట్ట మీద దాని చేను ఎట్ల పచ్చగుంటది? ఎక్కడి నీళ్ళు తాగుతాంది?"

నేను ఆ ఇంటికి కాపురానికి వచ్చి అప్పటికి పది నెలలు. పదహారేళ్ళదాన్ని. అత్త ఒక మాట అంటే అది నిజమే అయివుంటుందని నమ్మే వయసు. ఆ సాయంత్రం గట్టు మీద నిలబడి ముసలామె చేను వైపు చూశాను. నిజంగానే పచ్చగా ఉంది.

మా పుట్టిల్లు భద్రాచలం పక్కన. పెళ్ళయ్యాక శబరి నది వెంట ఎగువకు, బస్తర్ రాజ్యంలోకి వచ్చాను. దోర్నపాల్‌కు ఒక పూట నడక దూరంలో ఉంటుంది మా ఊరు. మామ తన వయసులో గోదావరి పక్క నుంచి వచ్చి, అడవి అంచున నేల బాగు చేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఊళ్ళో సగం ఇళ్ళు మాలాంటి తెలుగువాళ్ళవి, సగం అక్కడి గిరిజనులైన దొర్లవాళ్ళవి. ఇంట్లో తెలుగు, బజారులో హల్బీ, కోట్వారు వచ్చి చాటింపు వేస్తే హిందీ. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందని అందరూ అనేవారు. మాకు ఆ యుద్ధం కిరసనాయిలు దొరకకపోవడంలోనూ, అగ్గిపెట్టెలు రాకపోవడంలోనూ కనిపించేది. పొద్దున్నే ఎవరింట్లో పొయ్యి ముందు రాజితే వాళ్ళింటి నుంచి పిడక మీద నిప్పు తెచ్చుకునేవాళ్ళం. చాలాసార్లు ఆ ఇల్లు ముసలామెదే అయ్యేది.

ఆమె దొర్ల మనిషి. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. మా మడుల పక్కన, వాటికంటే ఒక నిలువు ఎత్తులో, ఎర్రమట్టి మెట్ట ఒకటి ఆమెది. అక్కడికి కుంట నీళ్ళు ఎక్కవు. అందుకే కుంట వంతుల్లో ఆమెకు వంతు లేదు, ఆమె ఎప్పుడూ అడగనూ లేదు. తొలకరి పడకముందే పొడి దుక్కిలో వడ్లు చల్లేసేది. నల్ల పొట్టు, గింజ కొనకు పొడుగు మీసం ఉండే నాటు రకం. మా మామ అది చూసి నవ్వేవాడు. ఆయనది గోదావరి పద్ధతి. నారు పోసి, మడి నిండా నీళ్ళు పెట్టి, దమ్ము చేసి, బురద మీగడలా అయ్యాక నాట్లు వేయించేవాడు. విత్తనం కూడా అక్కడి నుంచి తెప్పించుకున్న సన్న రకం. ఆ చుట్టుపక్కల అంత అందంగా నాటిన మడి ఇంకొకటి ఉండేది కాదు.

ఆ ఏడు ఆరుద్ర కార్తెలో వానలు బాగా పడ్డాయి. పునర్వసులో నాట్లు అయిపోయాయి. కుంట నిండింది. పుష్యమి కార్తెలో ఒక్క చినుకు పడలేదు. ఆశ్లేష కూడా అలాగే పోయింది. ఆకాశంలో మబ్బు వచ్చేది, నీడ పరిచి, మా మీదుగా దాటి పోయేది. కుంట కింద ఆరు కుటుంబాలు వంతులు వేసుకుని రోజుకొకరు తూము తెరుచుకునేవాళ్ళు. నీటి మట్టం చూడడానికి కుంట నడుమ ఒక వెదురు కర్ర పాతి గాట్లు పెట్టారు. మొదట్లో రోజుకు ఒక గాటు దిగేది. తర్వాత రెండు గాట్లు దిగడం మొదలైంది. ఎండకు అంత దిగదని, ఎవరో వంతు లేకుండా తోడుకుంటున్నారని మగవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఆరు కుటుంబాల వాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకునే తీరు మారింది. మా అత్త అన్న మాట సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి వెళ్ళింది. వెళ్ళాక అందరికీ ఊపిరి ఆడినట్టయింది. వంతులున్న ఆరుగురిలో ఒకరిని అనుమానించడం కంటే వంతు లేని ఆమెను అనుమానించడం తేలిక.

మా ఇల్లు చేలకు దగ్గర. ఎలాగూ పొద్దున్నే పేడ ఎత్తడానికి నేను అటు వెళ్తాను కాబట్టి, ఒక కన్నేసి ఉంచమని అత్త నాకు చెప్పింది.

"బిందె కనపడితే సూడు. అడుగులు కనపడితే సూడు. ఏం కనపడ్డా ముందు నాకే చెప్పు."

రెండు రోజులు ఏమీ కనిపించలేదు. మూడో రోజు, ఇంకా ఎండ రాని తెల్లవారు జామున, మెట్ట అంచుకు వెళ్ళి వంగి చూశాను. ఆమె వరి ఆకుల కొసల మీద నీళ్ళున్నాయి. ఆకు ఒళ్ళంతా కాదు. ప్రతి ఆకు మొన మీద, ముక్కుపుడకలా, ఒకే ఒక బొట్టు. ముట్టుకుంటే నా వేలు తడిసింది. వెంటనే గట్టు మీది గడ్డి చూశాను. పొడిగా ఉంది. మా మడిలోకి దిగి చూశాను. మా వరి ఆకులూ పొడిగానే ఉన్నాయి. మంచు అయితే అన్నిటి మీదా పడాలి కదా. ఆమె చేను మీద మాత్రమే ఎలా పడుతుంది?

దొంగను పట్టేసినట్టే అనిపించింది. పేడ తట్ట అక్కడే వదిలి ఇంటికి పరుగెత్తి అత్తకు చెప్పాను. ఆమె ముఖంలో వెలిగిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె నా తల నిమిరింది.

మర్నాడు పొద్దున పటేల్ ఇంటి ముందు ఊరు కూడింది. పటేల్ కూడా దొర్లాయనే, నిదానంగా మాట్లాడే పెద్దమనిషి. ముసలామెను పిలిపించారు. ఆమె వచ్చి కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుంది.

"కుంట నీళ్ళు నీ చేన్లో పోసుకుంటున్నవంటున్నరు. ఏమంటవ్?" అన్నాడు పటేల్.

"నా నడుం సూడు పటేలా. తాగే నీళ్ళకే రెండుసార్లు దించి మోస్త. చేనుకు మోస్తనా?"

"ఆకుల మీద నీళ్ళున్నయి. మా కోడలు సూసింది" అంది అత్త.

ముసలామె నా వైపు తిరిగింది. ఆమె కళ్ళు చిన్నవి, ఎండకు ముడుచుకుపోయినవి.

"ఏం సూసినవ్ బిడ్డా?"

"బొట్లు అవ్వా."

"బొట్లు సూసినవ్. నన్ను సూసినవా? నా బిందె సూసినవా?"

తల అడ్డంగా ఊపాను. పటేల్ లేచి, అందరినీ వెంటబెట్టుకుని మెట్ట మీదికి నడిచాడు. మట్టి చేతిలోకి తీసి నలిపాడు. పొడి దుమ్ములా రాలింది. ఇంకో చోట తీశాడు. అక్కడా అంతే. మా మామ కూడా వంగి చూసి, చేయి దులుపుకున్నాడు. నేల మీద తడి లేదు. నీళ్ళు పోసిన గుర్తు లేదు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. అది ఇంకా పెద్దదయింది. నేల తడవకుండా ఆకు ఎలా తడిసింది అని ఎవరో అడిగారు. గుంపులో వెనక నుంచి ఒక ఆడగొంతు జవాబు చెప్పింది. "మన చేన్ల నీళ్ళు పీక్కుంటాంది. మంతరం."

ఆ మాట ఎవరు అన్నారో నాకు తెలియలేదు. ఎవరూ ఖండించలేదు కూడా.

ఆ తర్వాత అన్నీ ఆమె మీదికే పోయాయి. శ్రావణంలో టేకు చెట్లు ఆకు రాల్చడం ఎవరూ ఎరగరు. ఆ ఏడు వానాకాలం నడుమనే అవి ఎండాకాలంలోలా బోడిగా నిలబడ్డాయి. అడవిలో వెదురు ఆకులు పగలు దారాల్లా పేనుకుపోయేవి. చెట్లకు కూడా భయం పట్టిందని, ఆమె చూపే కారణమని అన్నారు. ఒకరింట్లో దూడ చచ్చిపోతే అదీ ఆమె వల్లే అయింది. పొద్దున్నే ఆమె ఇంటికి నిప్పుకు వెళ్ళడం అందరూ మానేశారు. నేను రెండిళ్ళు దాటి, మూడో ఇంటికి వెళ్ళి తెచ్చుకునేదాన్ని. వెళ్ళేటప్పుడు ఆమె గుమ్మంలో కూర్చుని ఉండేది. ఆమె పొయ్యిలో మంట నాకు కనిపించేది. వచ్చే వారపు బజారు రోజున వడ్డెను పిలిపించాలని నిర్ణయించారు. వడ్డె అంటే మంత్రాలు తీసేవాడు, ఎవరిలో చెడు ఉందో చెప్పేవాడు. అతను వేలు చూపించాక ఆ మనిషి ఊళ్ళో ఉండడం కష్టం. ఇంకో ఊళ్ళో అలా వేలు చూపించిన ఒకామెను రాళ్ళతో తరిమారని అత్త చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది కానీ ఆపలేదు.

అప్పుడు నాకు నిద్ర పట్టడం మానేసింది. నేను చూసింది బొట్లు. ఊరు చూసింది ఇంకేదో. నా నోటి నుంచి వెళ్ళిన మాట ఎక్కడిదాకా పోతుందో తెలియలేదు. మళ్ళీ చూడాలనిపించింది, ఈసారి అత్త చెప్పకుండా. పొద్దున మాత్రమే కాదు, ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు కూడా వెళ్ళాను.

అలా వెళ్ళినప్పుడు ఒక సంగతి గమనించాను. ముసలామె వరి పొద్దు కొంచెం ఎక్కగానే ఆకులు సూదుల్లా చుట్టుకునేది. దూరం నుంచి చేను పలచబడినట్టు, మొక్కలు సగం మాయమైనట్టు ఉండేది. మా వరి అప్పటికి ఇంకా ఆకు విప్పుకునే ఉండేది. నాకు మొదట మాదే బలంగా ఉందనిపించింది. మధ్యాహ్నానికి మాదీ చుట్టుకునేది, కొసలు కాలినట్టు తెల్లబడేవి. పొద్దు వాలాక ఆమె ఆకులు విప్పుకునేవి. మావి చుట్టుకున్నట్టే ఉండిపోయేవి. ఆమె మొక్క కష్టాన్ని ముందుగా పసిగట్టి తలుపులు వేసుకుంటోంది. మాది చివరిదాకా తలుపులు బార్లా తెరుచుకుని ఉండి, అంతా పోయాక వేసుకుంటోంది.

ఆమె నన్ను చూసింది. గట్టు మీద కర్ర ఆనించి నిలబడింది.

"మళ్ళ ఏం మోసుకపోవడానికొచ్చినవ్?"

"ఏం లేదవ్వా. ఊరికే."

"ఊరికే సూసేటోళ్ళు లేరు ఈ ఊళ్ళె" అని, నేను గట్టు దిగేదాకా కదలకుండా చూస్తూ ఉంది.

ఆ సాయంత్రమే పొన్నగంటి కూర కోద్దామని కుంట కట్ట వెంట వెళ్ళాను. కుంటకు ఆనుకుని ఉన్న మా పై మడి మూలలో అడుగు పెడితే కాలు దిగింది. తడి. ఆ రోజు మా వంతు కాదు. దానికి ముందు రోజూ కాదు. మడి అంతా నెర్రెలు బారి ఉంటే ఆ మూల మాత్రం పాదం ముద్ర పడేంత మెత్తగా ఉంది. కట్ట వాలు మీద కంప తొలగించి చూస్తే పీత తవ్విన బొక్క ఒకటి కనిపించింది. మామూలుగా పీత బొక్క పిడికిలంత ఉంటుంది. ఇది చేయి పట్టేంత వెడల్పు చేసి ఉంది. దానిలో గట్టిగా దోపిన గడ్డి మోకు కుచ్చు ఉంది. లాగితే నీళ్ళు వస్తాయి, దోపితే ఆగుతాయి.

ఆ మోకు చూడగానే గుర్తుపట్టాను. మామ ఎడ్లకు పేనే మోకుల్లో వరిగడ్డితోపాటు గోగునార కలిపేవాడు. ఊళ్ళో ఇంకెవరూ అలా పేనరు. కూర కోయకుండానే ఇంటికి వచ్చాను. నా భర్త కొట్టం దగ్గర ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. చెప్పాను.

అతను చేతిలో గడ్డి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతనికీ తెలియదని ఆ క్షణంలో నాకనిపించింది. తర్వాత అనేకసార్లు, తెలుసేమో అని కూడా అనిపించింది.

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. నోరు మూస్కో. నాయిన తలెత్తుకోలేడు."

"మరి అవ్వ?"

అతను ఎడ్ల వైపు తిరిగాడు.

ఆ రాత్రి అన్నం పెడుతున్నప్పుడు అత్త ముఖం చూశాను. ఆ మాట మొదట అన్నది ఆమెనే. మామ చేసేది తెలిసి, దృష్టి మళ్ళించడానికే అన్నదా? తెలియక నిజంగానే అనుమానపడి అన్నదా? ఆమె పోయేదాకా ఆ ఇంట్లో ఆమెతో ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాను. మంచిగానే చూసుకుంది. అయినా ఆ ప్రశ్న నాలో నుంచి పోలేదు, నేను అడగనూ లేదు.

బజారుకు ఒక రోజు ముందు, వడ్డె రావడానికి ముందే, ఊరి మగవాళ్ళు మళ్ళీ పటేల్ ఇంటి ముందు చేరారు. ఈసారి మాట్లాడింది మామ.

"మంతరమో తంతరమో నాకు తెల్వదు. అడుగున కుండలు పాతిందేమో. కుండలకు సన్న బొక్కలు పెట్టి నీళ్ళు నింపి పాతితే పైన తడి కనపడదు, అడుగున ఊరుతది. తవ్వి సూద్దాం."

అందరికీ అది సబబుగా తోచింది. ఆయన ఎంత నమ్మకంగా చెప్పాడంటే, ఒక్క క్షణం నేను కూడా కుండలు ఉంటాయనే అనుకున్నాను. ఉంటే బాగుండుననీ అనుకున్నాను. అప్పుడు నేను మోస్తున్నది తేలికవుతుంది.

గునపాలు, పారలు తీసుకుని మెట్ట మీదికి వెళ్ళారు. ముసలామె అడ్డు పడలేదు. "పక్కకు వేర్లు తెగకుండ తవ్వుండ్రి" అని మాత్రం అంది. ఆడవాళ్ళం గట్టు మీద నిలబడ్డాం. మొదట చేను నడుమ తవ్వారు. జానెడు లోతు దాకా ఎర్ర దుమ్ము. మోచేతి లోతుకు గులకరాళ్ళు, గునపం ఠంగుమంది. కుండే తగిలిందనుకుని అందరూ ముందుకు వంగారు. రాయి. ఇంకా తవ్వారు. మోకాలి లోతులో మట్టి రంగు మారింది. నల్లగా, జిగటగా, వేళ్ళకు అంటుకునే బంకమట్టి. గుంటలో నిలబడిన మనిషి ఆ మట్టిని చెంపకు ఆనించుకుని, "సల్లగుంది" అన్నాడు.

కుండ లేదు. రెండు చోట్ల తవ్వారు, మూడు చోట్ల తవ్వారు. ఎక్కడా లేదు. ఆమె చేనులో మూడోవంతు పాడయింది.

గుంట గోడలో కనిపించింది మాత్రం వేర్లు. తెల్లగా, దారాల్లా, గులకరాళ్ళ మధ్య సందులు వెతుక్కుంటూ ఆ నల్లమట్టిలోకి దిగిపోయాయి. పటేల్ ఇంకా లోతు చేసిన గుంటలోకి దిగి, ఒక మొక్క వేరును కింద నుంచి పైకి చేత్తో తడుముతూ వచ్చాడు. వేరు అతని నడుము దాకా వచ్చింది. తర్వాత మా మడి వైపు చూసి, ఒక మొక్క తెమ్మన్నాడు. నా భర్త వెళ్ళి రెండు వేళ్ళతో పీకితే వచ్చేసింది. దాని వేర్లు పిడికిలంత గుబురుగా, పైపైనే, అడుగు లేనట్టు చదునుగా ఉన్నాయి. దమ్ము చేసిన మడి అడుగున కాళ్ళతో, ఎడ్లతో తొక్కి తొక్కి గట్టిపడిన పొర ఉంటుంది. మా వరి ఆ పొరను దాటే ప్రయత్నం కూడా చేయలేదు. దాటాల్సిన అవసరం దానికి ఎప్పుడూ రాలేదు.

పటేల్ ఆమె మొక్కను కూడా వేరుతో తీసి, రెండు మొక్కలూ పక్కపక్కన పట్టుకుని ముసలామెను అడిగాడు. "ఏం చేసినవ్ దీనికి?"

"ఏం చెయ్యలే. సిన్నప్పుడు నీళ్ళు సూపియ్యలే. ఎండకు ఏడ్సింది. ఏడుసుకుంట కిందికి పోయింది. మీరు మీ దానికి మూతి కాడ పెడితిరి. అది ఎందుకు పోతది?"

"మరి ఆ బొట్లు?"

"పొద్దుగాల కడుపు నిండితె కారుతయి. మా అమ్మ చేన్ల గూడ కారేటియి. గది మీరెప్పుడు సూసిండ్రు? నీళ్ళల్ల నిలబడ్డ వరిని ఎవరు వంగి సూస్తరు?"

చాలా ఏళ్ళ తర్వాత, వ్యవసాయం చదువుకున్న మా మనవరాలు నాకు అదే సంగతి చెప్పింది. ఎండ లేని వేళ ఆకు నీటిని గాలిలోకి వదలదు, వేరు మాత్రం తోడుతూనే ఉంటుంది, ఎక్కువైన నీరు ఆకు మొనల దగ్గర బయటికి వస్తుంది. అడుగున తడి దొరికిన మొక్కకే అది జరుగుతుంది. ఆ ముసలామె ఒక్క ముక్కలో చెప్పింది, ఆ పొద్దు ఎవరూ పూర్తిగా నమ్మలేదు.

ఎందుకంటే గుంట చుట్టూ నిలబడిన వాళ్ళలో ఒకాయన, "మరి కుంట నీళ్ళు రెండు గాట్లు ఎట్ల దిగుతున్నయి?" అన్నాడు.

ఆరు కుటుంబాల మగవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఒకరినొకరు చూసుకోవడం మళ్ళీ మొదలైంది. వెనక నుంచి ఎవరో, "రేపు వడ్డె వస్తడు గద, ఆయననే చెప్పనీ" అన్నారు. ముసలామె గుంట అంచున, తెగిన మొక్కలు ఏరుకుంటోంది. వడ్డె పేరు వినపడగానే ఏరడం ఆపి, తన ఇంటి వైపు చూసింది.

నా భర్త నన్నే చూస్తున్నాడు. నేను అతని వైపు చూడకుండా నోరు తెరిచాను.

"కుంట కట్టకు ఎండ్రకాయ బొక్క ఉంది. మా పై మడి కాడ. నీళ్ళు దాంట్లకెల్లి పోతున్నయి."

అంతే అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పడానికి ధైర్యం చాలలేదు. అందరూ కట్ట వైపు నడిచారు. కంప తీశారు. బొక్క కనిపించింది, అందులో గడ్డి కుచ్చు కనిపించింది. పటేల్ దాన్ని లాగి పట్టుకున్నాడు. నీళ్ళు బుడబుడమని మా మడిలోకి దూకాయి. అతను మోకును అటూ ఇటూ తిప్పి చూశాడు. గోగునార పోగులను గోటితో గీరాడు.

"ఈ ఎండ్రకాయకు మోకు పేనడం గూడ వచ్చు" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

అతను మోకు తీసుకెళ్ళి మా మామ చేతిలో పెట్టాడు. "నీ మడి కాడనే ఉంది. నువ్వే పూడ్చు. మట్టి కొట్టి గట్టిగ పూడ్చు."

మామ అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని పూడ్చాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పటేల్ ఆయన పేరు ఎత్తలేదు. వడ్డెకు రావద్దని ఆ సాయంత్రమే కబురు పంపాడు. తెలుగువాళ్ళు కొందరు, పటేల్ తన కులపామెను కాపాడుకున్నాడని గొణిగారు. దొర్లవాళ్ళు కొందరు, తెలుగు రైతును వదిలేశాడని గొణిగారు.

ఇంటికి వచ్చాక అత్త నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. మామ మాత్రం మాట్లాడాడు, మామూలుగానే. ఒకసారి అన్నం తింటూ, "ఎండ్రకాయ అని బాగనే చెప్పినవ్" అన్నాడు. అది మెచ్చుకోలో, హెచ్చరికో నాకు అర్థం కాలేదు.

ఉత్తర కార్తెలో వాన పడింది. అప్పటికి ముసలామె చేను, మిగిలినంత మేర, పొట్ట దాటి కంకి వేసింది. ఆమెది తొందరగా పండే రకం, ఆ వాన గింజ పాలు పోసుకునే వేళకు అందింది. మా మడుల్లో పై మడి, దొంగనీళ్ళు తాగినది, అన్నిటికంటే ముందు చచ్చిపోయింది. బొక్క పూడ్చిన వారానికే గడ్డిలా అయిపోయింది. మిగతా మడుల్లో ఎండిన దుబ్బుల అడుగు నుంచి వాన తర్వాత పిలకలు వచ్చాయి. అవి ఆలస్యంగా కంకులు వేశాయి, సగం తాలు.

విత్తనానికి కూడా సరైన గింజలు లేవు. అత్త ముసలామె ఇంటికి అడగడానికి వెళ్ళి వట్టి చేతులతో వచ్చింది. తర్వాత ముసలామె నన్ను పిలిచి, ఒక బుట్టెడు నల్ల వడ్లు నా ముందు పెట్టింది.

"మీ అత్తకు ఇయ్యలే. నీకిస్తున్న. ఇరవై దినాలు నీళ్ళు సూపియ్యకు."

"ఎందుకిస్తున్నవ్ అవ్వా?"

"చేను గుంటలు పడ్డది సూసిన. విత్తనం ఒక్క చోట ఉంటే ఒక్క దినంల పోతది. ఇంకో చోట గూడ ఉండనీ."

ఇంటికి తెస్తే మామ నమ్మలేదు. వేయించిన వడ్లు ఇచ్చి ఉంటుందని, మొలవవని, పగ తీర్చుకుంటోందని అన్నాడు. గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి బియ్యం కుండ పక్కన పెట్టాం. మూడో రోజు విప్పితే ప్రతి గింజకూ తెల్లటి మొన వచ్చి ఉంది. మామ వాటిని చూసి గుడ్డ మూసేశాడు.

మరుసటి ఏడు వానలు సమృద్ధిగా కురిశాయి. ఒక నేల చెక్కలో ఆ నల్ల వడ్లు, ఆమె చెప్పినట్టే, పొడి దుక్కిలో చల్లాం. మిగతా మడుల్లో పుట్టింటి నుంచి తెప్పించిన సన్న రకం నాటాం. సన్నవి విరగ పండాయి. నల్లవి ఎత్తుగా పెరిగి వానకు పడిపోయాయి, గింజ కూడా తక్కువే. మామ అది చూపించి, "సూసినవా, నిన్ను మోసం చేసింది" అన్నాడు. నేను వాదించలేదు. ఏడాదికొక చెక్క మాత్రం ఆ వడ్లు చల్లడం మానలేదు. వాన తప్పిన ఏళ్ళలో మా ఇంట్లో అన్నం ఆ చెక్కదే.

ముసలామె నాతో మాట్లాడేది, విత్తనం గురించి, నేల గురించి అడిగితే చెప్పేది. కానీ ఎండలో ఎంత దప్పికైనా నా చేతి నీళ్ళు తాగేది కాదు. నా భర్త ఎదురుపడితే మొహం తిప్పుకునేది. అతను పలకరించినా పలికేది కాదు. అతని మీద ఆ కోపం ఎందుకో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

రాజ్యం పోయి దేశంలో కలిసిన తర్వాతి మాట. మామ అప్పటికి పోయి ఏడాదయింది. ఒక మధ్యాహ్నం ఆమె చేనులో కలుపు తీయడానికి సాయం వెళ్ళాను. ఉన్నట్టుండి చెప్పేశాను.

"అవ్వా, ఆ ఎండ్రకాయ బొక్క మా మామ చేసింది. నాకప్పుడే తెలుసు."

ఆమె కలుపు తీయడం ఆపింది. నా వైపు తిరిగి, నమ్మనట్టు చూసింది.

"మీ మామనా? నీ మొగడు గాదా?"

"కాదు అవ్వా. మామ."

"ఆ పొద్దు నీ మొగడు నిన్నే సూస్తుండె. కళ్ళతోటి నీ నోరు మూస్తుండె. అందుకె వాడే అనుకున్న. ఇన్నేండ్లు వాణ్ణే తిట్టుకుంట బతికిన."

ఆమె కొడవలి పక్కన పెట్టి, మట్టి చేతులతో మొహం తుడుచుకుంది.

మర్నాడు నా భర్త దున్నుతుంటే ఆమె సొరబుర్రలో జావ తీసుకుని మెట్ట దిగి వచ్చింది. అతను నాగలి ఆపి, అనుమానంగా నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతను గట్టు మీద కూర్చుని తాగాడు. ఆమె పక్కనే నిలబడి, అంతా తాగేదాకా ఉండి, బుర్ర తీసుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి అతన్ని పేరు పెట్టి పిలిచేది.

బొట్ల మాట ఊళ్ళోకి మోసిన నా చేతి నీళ్ళు మాత్రం ఆమె చివరిదాకా తాగలేదు. నేనూ మళ్ళీ ఎప్పుడూ ఇవ్వజూపలేదు.